మేడమ్ కట్టించిన వంకాయలు

మేడమ్ ప్రభువునందు నిద్రించారని మా చర్చి వాట్సాప్ గ్రూపులో మధ్యాహ్నం మెసేజ్ వచ్చింది. అప్పుడు నేను ఆఫీసులో ఎనిమిదో తరగతి జీవశాస్త్రం గైడుకి ప్రూఫులు చూస్తున్నాను. మెసేజ్ కింద చేతులు జోడించిన బొమ్మలు వరసగా పడుతున్నాయి. నాకు ఏడుపు రాలేదు. ఆకలేసింది. ఇంకా ఎవరూ భోజనానికి లేవకముందే డబ్బా తెరిచి అన్నమంతా తినేశాను.

ఆ రోజు డైరీలో ఒక్కటే మాట రాసుకున్నాను: "పోయింది." అమ్మ చూస్తే "పోయారు" అని దిద్దమంటుంది. రోజంతా ఇతరుల వాక్యాలు దిద్దడమే నా ఉద్యోగం. ఇది మాత్రం దిద్దను.

ఆమెను తలుచుకుంటే నాకు ముందు గొడుగు కనిపిస్తుంది. నల్ల గొడుగు, వంకీ పిడి. వాన లేకపోయినా, ఎండ లేకపోయినా అది చేతిలో ఉండాల్సిందే. అది ఆమెకు ఆరో వేలు. బడి తోటలో ఆమె మట్టిని ఎప్పుడూ ముట్టుకోలేదు. గొడుగు మొనతో చూపించేది: "ఇక్కడ గుంట తియ్యి. ఇక్కడ గింజ వెయ్యి. నువ్వొచ్చి ఇక్కడ నిలబడు." మొన చూపిన చోట మొక్కలూ మేమూ ఒకేలా నిలబడేవాళ్ళం. తోట పీరియడ్ అయిపోగానే జాకెట్టులోంచి తెల్ల రుమాలు తీసి, మట్టే అంటని చేతులు ఒక్కో వేలూ విడివిడిగా తుడుచుకునేది.

రాంగోపాల్‌పేట్‌లో మా బడి వెనక, ప్రహరీ గోడకీ పాత షెడ్డుకీ మధ్య ఒక బస్సు పట్టేంత జాగా ఉండేది. విరిగిన బెంచీలు, గాజు పెంకులు పడి ఉండేవి. మేడమ్ మాకు ఆరు, ఏడు తరగతుల్లో సైన్స్ చెప్పింది. ఆ జాగా శుభ్రం చేయించి పదహారు మళ్ళు వేయించింది ఆమే. రెండు ఇటుకల మధ్య తాడు బిగించి, తాడు వెంబడే నాటాలి. మొక్క అరంగుళం పక్కకు జరిగితే పీకించి మళ్ళీ నాటించేది.

"అడవిలో వరసలుండవు కదా మేడమ్" అని ఒకమ్మాయి అంటే, "నువ్వు అడవిలో చదువుతున్నావా?" అంది.

నిజం చెప్పాలి. అబద్ధం కలిపితే పగ పలచబడుతుంది. ఆమె మంచి టీచరు. ఆకు చూస్తే చాలదు, తిప్పి అడుగు చూడాలని నేర్పింది. పేనుబంక అక్కడ ఉంటుంది, సీతాకోకచిలుక గుడ్లు అక్కడ ఉంటాయి. "అన్నీ ఆకు కిందే జరుగుతాయి, పైన ఏమీ ఉండదు" అనేది. మడి పొడవు వెడల్పులు కొలిపించి లెక్కల టీచరు చెప్పలేని వైశాల్యం పది నిమిషాల్లో చెప్పింది. ఒక్కొక్కరం ఒక తోట పుస్తకం పెట్టుకోవాలి, రోజుకో వాక్యం రాయాలి. నిన్నటి వాక్యమే మళ్ళీ రాస్తే ఎర్ర సిరాతో కొట్టేసి, "నిన్న లేనిది ఇవాళ ఏం చూశావు?" అని అడిగేది. నేను డైరీ రాయడం అలా మొదలైంది. ఈ అలవాటు ఆమె పెట్టిందే. ఇప్పుడు దానితోనే ఆమె సంగతి రాస్తున్నాను, అందుకు కొంచెం సంతోషంగా కూడా ఉంది.

నేను మాట్లాడేదాన్ని కాదు. ఇంట్లో సరే, బడిలో పేరు అడిగినా గొంతు పైకి వచ్చేది కాదు. మేడమ్‌కి అది నచ్చేది కాదు. నన్ను మళ్ళ మధ్య నిలబెట్టి పదహారు మొక్కల పేర్లూ గట్టిగా చెప్పమనేది. మూడో పేరుకే నా తల కిందికి వాలిపోయేది. అప్పుడు గొడుగు మొన వచ్చి గడ్డం కింద ఆనేది, మెల్లగా పైకెత్తేది.

"మొక్కకి సిగ్గుండదు, నీకెందుకే?"

పిల్లలు నవ్వేవాళ్ళు. వాళ్ళ నవ్వు మరిచిపోయాను. ఆ ఇనుప మొన చల్లదనం మాత్రం ఇవాళ్టికీ గడ్డం కింద తెలుస్తుంది.

ఆ తోటలో మట్టిని చేత్తో ముట్టుకున్నది ఆయమ్మ. బడి ఊడ్చేది, గంట కొట్టేది, చిన్నపిల్లల ముక్కులు తుడిచేది. తోట ఆమె పని కాదు. అయినా పొద్దున్నే మోండా మార్కెట్ మీదుగా వస్తూ, కూరగాయల వాళ్ళు పారేసిన క్యాబేజీ ఆకులు, చితికిన టమాటాలు గోనెసంచిలో నింపి నెత్తిన పెట్టుకుని తెచ్చేది. గోడవార గుంతలో వేసి, పైన మట్టి కప్పి, కర్రతో కుళ్ళబొడిచేది. కొన్ని నెలలకు అది నల్లటి ఎరువై, చేత్తో పట్టుకుంటే పొడిపొడిగా రాలేది. గాజు పెంకుల జాగాలో పాలకూర మొలిచిందంటే ఆ గుంత వల్లే. మేడమ్ దాన్ని తోట పటంలో గీయనివ్వలేదు, కంపు కొడుతుందని.

శనివారం బడి వదిలాక ఆయమ్మ గేటు దగ్గర పుంటికూర, పాలకూర కట్టలు పంచేది. వెనక బస్తీ తల్లులు పిల్లల్ని తీసుకుపోవడానికి అన్నట్టు వచ్చి ఆకుకూర కోసం నిలబడేవాళ్ళు. కొందరు లోపలికొచ్చి, చెంగు దోపుకుని, రెండు మళ్ళు కలుపు తీసి మరీ పోయేవాళ్ళు. ఏ ఆకు ఎప్పుడు కోస్తే మళ్ళీ చిగురిస్తుందో మాకు చూపించింది వాళ్ళే. మా తోట పుస్తకాల్లో మంచి వాక్యాలన్నీ శనివారాలవే.

మేడమ్‌కి ఆ పంచడం కిట్టేది కాదు.

"అన్నీ కోసేస్తే చూపించడానికేం మిగులుతుంది ఆయమ్మా?"

"కొయ్యకుంటె ముదురుతది మేడమ్. ముదిరినంక ఎవలు తింటరు?"

"తినడానికి కాదు, ఇది పాఠం."

"తింటె సుత పాఠమే గద మేడమ్."

మేము కిసుక్కుమన్నాం. నీడలో ఉండి కూడా మేడమ్ గొడుగు విప్పి, లోపలికి వెళ్ళిపోయింది. ఆమెకు బదులు దొరకని సందర్భం నేను చూసింది అదొక్కటే. ఆమె దాన్ని మరిచిపోలేదని నాకు తర్వాత అర్థమైంది. పగ పెట్టుకోవడంలో కూడా ఆమె నాకు టీచరే.

నేను ఏడో తరగతిలో ఉండగా బడి తోటల పోటీ ఒకటి వచ్చింది. ముగ్గురు పెద్దవాళ్ళు వచ్చి చూసి మార్కులు వేస్తారు. మేడమ్‌కి కాయలు కావాలి, పెద్దవి, వరసగా. అందుకని ఆ ఏడు పదహారు మళ్ళలోనూ వంగే నాటించింది. వంగ మొక్కలు పూత మీదికి వచ్చే వేళకి యూరియా తెప్పించి మొక్కకు గుప్పెడు వేయమంది.

ఆయమ్మ గంట కొట్టే చెయ్యి ఆపి వచ్చింది. "గంతగనం ఎయ్యకుండ్రి మేడమ్. ఆకే వస్తది, కాయ రాదు."

"నేను ఎమ్మెస్సీ బాటనీ ఆయమ్మా."

"గా సంగతి నాకెరుకే మేడమ్. మొక్కకెరుక లేదు గద."

మళ్ళీ నవ్వాం. ఈసారి మేడమ్ గొడుగు విప్పలేదు. మేము గుప్పెళ్ళతో వేశాం. నా మడి చివరిది, గోడవారది. ఎవరూ చూడనప్పుడు ఆయమ్మ నా గుప్పెట్లో యూరియా గుంతలోకి దులిపించి, బదులుగా నల్లమట్టి పోసింది. "గమ్మునుండు" అంది. అది నాకు బాగా వచ్చిన విద్య.

మొక్కలు ఏపుగా పెరిగాయి. ఆకులు అరచేతులంత, నల్లటి పచ్చ. పూత రాలిపోయింది. పోటీ వాళ్ళు రేపు వస్తారనగా పదిహేను మళ్ళలో ఒక్క కాయ లేదు. నా మడిలో మూడున్నాయి. పొడుగు వంగ, ఊదారంగు. ఒకటి కొంచెం వంకర తిరిగింది, ఒకదానికి పక్కన పుచ్చు బొక్క. ఆ మూడింటి గురించి తోట పుస్తకంలో పదకొండు రోజులు పదకొండు వేరువేరు వాక్యాలు రాశాను.

పోటీ రోజు పొద్దున్నే మేడమ్ ఐదుగురు అమ్మాయిల్ని రమ్మంది. నా కుట్టుపని సన్నగా ఉంటుందని నన్ను కూడా పిలిచింది. వెళ్ళేసరికి ఆయమ్మ మోండా నుంచి సంచితో వచ్చి నిలబడి ఉంది. సంచిలో వంకాయలు. మేడమ్ ఆమెను పంపి తెప్పించింది, ముచ్చికలు ఊడకుండా ఉన్నవే ఏరి తెమ్మని మరీ చెప్పి. తన రుమాల్లోంచి ఆకుపచ్చ దారపు రీలు తీసి నా చేతిలో పెట్టింది.

"ముచ్చికకి ముడి వేసి కొమ్మకి కట్టండి. ముడి ఆకు కిందికి రావాలి. పైకి కనపడకూడదు."

ఆయమ్మ ఒక కాయ చేతిలో తిప్పి చూసింది. "మేడమ్, ఇయ్యి గుత్తి వంకాయలు, గుండ్రటియి. మన మొక్కలు పొడుగు వంగ. పొద్దుగాల మార్కెట్ల గివే ఉండె. పొడుగు మొక్కకు గుండ్రటి కాయ కడ్తె సూసెటోళ్ళు ఏమనుకుంటరు?"

"వాళ్ళకంత తెలీదులే. నువ్వు వెళ్ళి వరండా ఊడువు."

కట్టాం. నా వేళ్ళు వేగంగా ఆడుతున్నాయి, అదొక సరదాగా కూడా ఉందని ఒప్పుకోవాలి. నా మడి దగ్గరికి వచ్చేసరికి మేడమ్ గొడుగు మొనతో నా మూడు కాయలనూ ఒక్కొక్కటే తట్టింది.

"ఇవేంటి, రోగిష్టి కాయలు. చూస్తే నవ్వుతారు. తెంపెయ్."

నేను కదల్లేదు. ఆమే వంగింది. ఆ తోటలో ఆమె వంగి చేత్తో చేసిన పని నాకు తెలిసి అదొక్కటే. మూడూ తెంపి గోడ అవతలికి విసిరేసింది. తర్వాత రుమాలుతో వేళ్ళు తుడుచుకుని, "ఆ జాగాలో మూడు కట్టు" అంది. కట్టాను.

పదింటికి ముగ్గురూ వచ్చారు. మేడమ్ ముందు నడుస్తూ వరసలు చూపిస్తోంది, పిల్లల పుస్తకాలు చూపిస్తోంది. వాళ్ళలో ఒకాయన నెత్తి మీద టోపీ పెట్టుకుని, వెనక మెల్లగా వస్తున్నాడు. చేతులు చూస్తే సేద్యం తెలిసిన మనిషిలా ఉన్నాడు. నా మడి దగ్గర ఆగాడు. మొక్కను చూశాడు, కాయను చూశాడు, మళ్ళీ మొక్కను చూశాడు. ఆకు తిప్పాడు. మేడమ్ మాకు నేర్పినట్టే. ఒక్క వేలితో కాయను ఎత్తాడు. దారంతో సహా చేతిలోకి వచ్చేసింది.

"ఏందమ్మా గిది?"

మేడమ్ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. నేను ఎన్నిసార్లు తలుచుకున్నా ఆ క్షణంలో ఆలోచన పట్టే ఖాళీ కనపడదు. గిరుక్కున తిరిగింది.

"ఆయమ్మా! ఏంటిది? పిల్లల చేత ఇవేం పనులు చేయించావు? నాతో ఒక్క మాటైనా చెప్పొద్దా?"

ఆయమ్మ వరండాలో చీపురు పట్టుకుని నిలబడింది. నోరు తెరిచేలోగానే టోపీ ఆయన నా వైపు తిరిగాడు. అందరికంటే దగ్గరగా ఉన్నది నేనే. దారపు రీలు ఇంకా నా గుప్పెట్లోనే ఉంది.

"నువ్వు చెప్పు బిడ్డా. ఇయ్యి ఎవరు కట్టమన్నరు?"

నేను ఆయమ్మ ముఖం చూశాను. తర్వాత కింద చూశాను. గొడుగు మొన రాలేదు. ఆ ఒక్కరోజు నా తల పైకెత్తాలని మేడమ్‌కి అనిపించలేదు.

"సిగ్గరి పిల్లండి, మాట్లాడదు" అంది, ఎంతో ప్రేమగా నా భుజం మీద చెయ్యి వేసి.

మరుసటి సోమవారం నుంచి ఆయమ్మ రాలేదు. బడి పరువు తీసిందని హెడ్మాస్టర్ మానిపించారు. పరువు సంగతి బస్తీలోకి వెళ్ళేసరికి దొంగతనం అయింది. తోటలో కూరగాయలు రోజూ ఇంటికి మోసుకుపోయేదని, దొరక్కుండా ఉండటానికి మార్కెట్ కాయలు కట్టిందని. శనివారాలు ఆకుకూర పట్టుకెళ్ళిన చేతులే ఆ మాట మోశాయి. ఎండాకాలానికి తోట ఎండింది. ఏడాది చివర మేడమ్ నాకు ఉత్తమ తోటమాలి అని బహుమతి ఇచ్చింది. లావుపాటి తెలుగు నిఘంటువు. ఇప్పటికీ ఆఫీసులో నా బల్ల మీద ఉంటుంది.

పోయిన సంవత్సరం అమ్మ నన్ను కాప్రాకి తీసుకెళ్ళింది. మేడమ్ రిటైరయ్యాక అక్కడ చెల్లెలి ఇంట్లో ఉంటోంది. ఒంట్లో బాగాలేదు, చూసి ప్రార్థన చేసి రావాలి. అమ్మకు మేడమ్ అంటే దేవదూత కిందే లెక్క. కోనసీమ నుంచి కొత్తగా వచ్చినప్పుడు మాకు ఈ చర్చి చూపించింది, నాకు బడిలో సీటు ఇప్పించింది ఆమే. అది కూడా నిజమే.

మేడమ్ చిక్కిపోయింది. గొడుగు మంచం తలాపున గోడకి ఆనించి ఉంది. కిటికీలోంచి డాబా మీద కుండీలు కనపడుతున్నాయి, వరస తప్పకుండా. అమ్మ, మేడమ్ చెల్లెలు వంటింట్లోకి వెళ్ళాక మేడమ్ నన్ను మంచం దగ్గరికి రమ్మని కళ్ళతో సైగ చేసింది.

"ఆ రోజు ఆయన నిన్ను అడిగినప్పుడు నా పైప్రాణాలు పైనే పోయాయే. చెప్పేస్తావనుకున్నాను."

నేను ఆమె దుప్పటి అంచు సర్దాను.

"చెప్పలేదు. మంచి పిల్లవి."

పదమూడేళ్ళుగా నేను ఆ రోజును ఒంటరిగా మోస్తున్నాననుకున్నాను. ఆమె కూడా మోసింది, అయితే హాయిగా. అందులో నాకు ఇంత స్థానం ఇచ్చి, మంచి పిల్ల అని పేరు పెట్టి.

"ఆవిడకి ఇంకెక్కడో పని దొరికే ఉంటుందిలే" అంది, కిటికీ వైపు చూస్తూ.

నా నోట్లో చాలా మాటలున్నాయి. నేను అన్నది: "మంచినీళ్ళు కావాలా మేడమ్?"

ఆ రాత్రి డైరీలో ఆ "మంచి పిల్లవి" అన్న మాట పేజీ నిండా రాశాను, నిన్నటి వాక్యం ఇవాళ రాయకూడదన్న ఆమె నియమం తప్పి.

మెసేజ్ వచ్చిన సాయంత్రం ఇంటికెళ్ళేసరికి అమ్మ ఏడ్చి ఏడ్చి కూర్చుని ఉంది. శనివారం నాలుగింటికి జ్ఞాపకార్థ కూడిక. పోయినవాళ్ళ గురించి ఎరిగినవాళ్ళు లేచి సాక్ష్యం చెప్పడం మా చర్చిలో ఆనవాయితీ.

"నీ పేరు ఇచ్చానే. మేడమ్ శిష్యురాలివి, రాసుకుని చదువు, ఒక్క పేజీ."

"నేనా అమ్మా? అందరి ముందా?"

"ఆవిడ నీకోసం ఎంత చేసింది! ఆ మాత్రం రుణం లేదా? పాస్టర్ అయ్యగారు బడి వెనక ఆ ఖాళీ జాగాలో మళ్ళీ తోట వేసి మేడమ్ పేరు పెట్టాలంటున్నారు. బడి వాళ్ళు కూడా వస్తారు."

సరేనన్నాను. అమ్మ ఆశ్చర్యపోయి నా నుదుటి మీద ముద్దు పెట్టుకుంది. ఆమె అనుకున్న రుణం నేను తీర్చబోనని అప్పుడే చెప్పాల్సింది.

మరునాడు ఆఫీసుకి సెలవు పెట్టి బడి వెనక బస్తీకి వెళ్ళాను. ముగ్గుర్ని అడిగితే నాలుగో ఆమె చూపించింది. ఆయమ్మ గడప మీద కూర్చుని చేటలో వెల్లుల్లి ఒలుస్తోంది, ఏదో హోటల్‌కి. జుట్టు పూర్తిగా నెరిసింది. నన్ను పోల్చుకోవడానికి చాలాసేపు పట్టలేదు.

"నువ్వు గోడవార మడి పిల్లవు గద. ఏందీ గిట్లొచ్చినవ్?"

"మేడమ్ చనిపోయింది ఆయమ్మా."

చేతిలో రెబ్బ చేటలో పడింది. "సచ్చిందా? ఎప్పుడు?"

"నిన్న."

"ఉండు." లేచింది. మోకాళ్ళు పట్టుకుని లోపలికెళ్ళి, చేతులు కడుక్కుని, స్టవ్ వెలిగించింది. చాయ్ మరిగించి గ్లాసులో పోసి తెచ్చింది. "తాగు బిడ్డా. ఇయ్యాల జెర తీపి ఎక్కువేసిన."

ఇద్దరం తాగాం. అంత తీపి చాయ్ నేను ఎప్పుడూ తాగలేదు. మేమిద్దరం చేస్తున్నది తప్పని నాకు అనిపించలేదు.

"దినాం అనుకుంటుంటి, నాకన్న ముందల ఆమెనే పోవాలె అని. దేవుడు ఇన్నడు" అంది. "పని పోయిందని ఏడ్వలే బిడ్డా. ఏడ చేసుకున్నా బువ్వ దొర్కుతది. దొంగ అన్నరు సూడు. నా కోడలు పెండ్లయి వచ్చిన కొత్తల అడిగింది, అత్తమ్మా బడిల దొంగతనం చేసి దొర్కినవట గద అని. ఇప్పటికి సుత నేనేదన్న దాస్తె నవ్వుతది."

సాక్ష్యం సంగతి చెప్పాను. ఉన్నదున్నట్టు చదువుతానని చెప్పాను. ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది.

"నువ్వు? పది మందిల? నీకు నోరొస్తదా?"

"రాసుకెళ్తాను."

"ఇంగ్లీషులనా, తెలుగులనా?"

"తెలుగులోనే."

"అయితే నేనొస్త. కోడల్ని సుత తోల్కొస్త. ఆమె చెవుల పడాలె."

శుక్రవారమంతా కూర్చుని రాశాను. రెండు కాగితాలయ్యాయి. మొదటిది మేడమ్ గురించి. రెండోది చిన్నది, నా గురించి.

శనివారం చర్చి నిండింది. ముందు వరసలో మేడమ్ చెల్లెలు, బడి వాళ్ళు. ఆయమ్మ చివరి బెంచీలో ఫ్యాను కింద, జరీ అంచు చీర కట్టుకుని నిటారుగా కూర్చుంది, పక్కన కోడలు. అయ్యగారు నా పేరు పిలిచారు. మైకు నా ఎత్తుకి వంచుకున్నాను. కాగితం మీంచి కళ్ళు ఎత్తకుండా మొదలుపెట్టాను.

మా వాళ్ళకు సాక్ష్యం వింటూ వాక్యం వాక్యానికీ ఆమేన్ అనడం అలవాటు. మేడమ్ ఆకు తిప్పి చూడటం నేర్పిందన్నాను. ఆమేన్. గాజు పెంకుల జాగాలో తోట వేయించిందన్నాను. ఆమేన్. ఆ తోటను బతికించిన ఎరువు మోండా మార్కెట్ నుంచి నెత్తి మీద మోసింది ఆయమ్మ అన్నాను. కొంచెం తక్కువ మంది ఆమేన్ అన్నారు. పోటీ రోజు కొన్న వంకాయలు మొక్కలకు కట్టించింది మేడమ్, పట్టుబడగానే ఆ నేరం ఆయమ్మ మీద వేసింది, ఆయమ్మ ఒక్క కాయ కూడా దొంగిలించలేదు, ఆమె పని పోగొట్టిన ఆ మాట అబద్ధం అన్నాను. వినికిడి తక్కువైన ఒక తాతగారు ఒక్కరే గట్టిగా "దేవునికి స్తోత్రం" అన్నారు.

"తోట మళ్ళీ వేస్తే సంతోషం. ఆమె పేరు పెట్టొద్దు" అని చదివాను. అక్కడితో మొదటి కాగితం అయిపోయింది. తల ఎత్తాను. ఇంతమంది ముఖాలు ఒకేసారి నన్ను చూడటం అదే మొదలు. రెండో కాగితాన్ని మొదటిదాని వెనక్కి మడిచి, దిగి వచ్చేశాను.

అయ్యగారు తడబడి ఒక పాట నంబరు చెప్పారు. అమ్మ నా వైపు చూడలేదు. ఇవాళ్టికి వారమైంది, ఇంకా చూడటం లేదు.

కూడిక అయ్యాక మేడమ్ చెల్లెలు నన్ను గుమ్మం దగ్గర ఆపింది. "అక్క పోయాక చెప్తావా? ఆవిడ బదులు చెప్పుకోలేదు కదమ్మా."

"ఆయమ్మను కూడా ఆ రోజు బదులు చెప్పుకోనివ్వలేదండి" అన్నాను. గొంతు ఎక్కడా ఆగలేదు. ఆమె ఏడ్చుకుంటూ వెళ్ళిపోయింది. నాకు జాలి వేయాల్సింది. వేయలేదు.

ఆయమ్మ కోడల్ని ముందు నడవమని, నా చెయ్యి పట్టుకుని రోడ్డు మీదికి వచ్చింది. సాయంత్రం రద్దీ, ఆటోలు, బస్సులు.

"మంచిగ సదివినవ్ బిడ్డా. నా కోడలు ఏడ్సింది" అంది. నాలుగడుగులు వేశాక, "ఇంగో కాయితం ఉండె గద. గది సదవలే" అంది.

"లేదు ఆయమ్మా, అంతే."

"నాకు సదువు రాదు గని కండ్లు మంచిగనే ఉన్నయి. రెండు తెచ్చినవ్, ఒకటి సదివినవ్."

నేను కింద చూశాను.

"ఆ మేడమ్ ఎసొంటిదో నాకు ముందుగాలనే ఎరుక. ఆమె గట్ల అన్నదని నేను పరేషాన్ కాలే. గా సారు నిన్నడిగిండు సూడు, అప్పుడు నువ్వు నా దిక్కు సూసినవ్. అమ్మయ్య, పిల్ల చెప్తది అనుకున్న." ఆమె గొంతులో కోపం లేదు, అదే భరించలేకపోయాను. "ఇన్నేండ్లు యాదికొచ్చేది ఆమె మొకం గాదు బిడ్డా. నీదే."

పక్కన ఒక కొట్టు అరుగు ఖాళీగా ఉంది. ఆమెను కూర్చోబెట్టాను. రెండో కాగితం తీసి, బస్సుల హారన్ల మధ్య, ఆమెకు వినపడేంత గట్టిగా చదివాను. నాకు తెలుసనీ, అడిగారనీ, చెప్పలేదనీ, చెప్పనందుకు ఇచ్చిన బహుమతి రెండు చేతులతో తీసుకున్నాననీ. నాలుగే వాక్యాలు.

ఆయమ్మ చివరిదాకా విన్నది. ఒక్కసారి కూడా ఆమేన్ అనలేదు.